అర్ధణా మీద ఆంజనేయుడు

పాత నాణేలకు వెల కట్టే విద్యలో తెలుగునాట ఒక సులభ సంప్రదాయం వేళ్లూనుకుంది. దాని ప్రకారం నాణెం బరువు, లోహం, అచ్చువేసిన టంకశాల, నేటికి మిగిలిన ప్రతుల సంఖ్య వంటి అల్పవిషయాల జోలికి పోనక్కరలేదు. దాని మీద దేవుడి బొమ్మ ఉందా, బియ్యపు గింజలు దానికి అంటుకుంటున్నాయా అని చూస్తే చాలు. ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గి కోటి రూపాయలకు తక్కువ పలకని ఘనత, ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకమో సంజీవి పర్వతం మోసే ఆంజనేయుడో, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరూ ‘యుకెఎల్’ అన్న మూడక్షరాలూ 1818 అన్న సంవత్సరమూ గల రాగి బిళ్లకు దక్కింది.

సంవత్సరం ఎప్పుడూ 1818 కాదు. అమ్మేవారి అవసరాన్ని బట్టి 1717కో 1616కో వెనక్కు జరుగుతుంది. 1616 నాటికి కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థావరం తెరిచి ఐదేళ్లయింది. గోల్కొండ సుల్తాను దయ ఉన్నంతకాలం బట్టలు కొనుక్కుని ఓడకెక్కించడమే దాని పని. అటువంటి సంస్థ రాములవారి పేర అణాలు కొట్టించిందనీ, యుకెఎల్ అంటే ‘యునైటెడ్ కింగ్‌డమ్, లండన్’ అని ఈ బిళ్లల పండితులు చెప్పే అర్థాన్ని బట్టి, 1801లో గాని ఆ పేరుతో ఏర్పడని రాజ్యాన్ని 185 ఏళ్ల ముందే రాగి మీద చెక్కించిందనీ నమ్మాలంటే, దొరలకు వ్యాపారంతో పాటు జ్యోతిషంలోనూ ప్రవేశం ఉండేదని ఒప్పుకోక తప్పదు.

కంపెనీ నాణేల మీద దేవుళ్లు లేరని కాదు. మద్రాసు వరహాల మీద విష్ణుమూర్తి ఉన్నాడు; 19వ శతాబ్దం తొలి ఏళ్లలో వచ్చిన వెండి అర వరహా మీద గోపురమూ, ఆంగ్ల, పారశీక, తమిళాలతో పాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయి. సీతారాముల బొమ్మతో నాణెం కొట్టించిన ఖ్యాతి అక్బరుది. అయితే ఇవన్నీ బరువుతో, కొలతతో, ముద్రల పోలికతో గుర్తుపట్టవలసిన వస్తువులు కనుక సులభ సంప్రదాయానికి రుచించవు. ఆంధ్ర తీరంలోని ఉత్తర సర్కారుల కోసం 1794లో ఇంగ్లండులోని సోహో టంకశాల యంత్రాల మీద అచ్చువేసిన రాగి నాణెం మీద ‘రూపాయికి 48’ అని ఆంగ్లంలో ఉంటుంది, కంపెనీ సింహాలూ సరుకు మూటల గుర్తూ ఉంటాయి, దేవుడు మాత్రం ఉండడు; అందుచేత తెలుగువారి సొంత చరిత్ర అనదగిన ఆ నాణెం అటక మీద దొరికినా కొనే ‘పార్టీ’లెవరూ కార్లేసుకుని రారు.

పాతదైతే చాలు విలువైనదన్న నమ్మకానికి అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ మంచి మందు. మద్రాసుకు పంపిన 1808 నాటి పది, ఇరవై కాసుల రాగి నాణేలతో 1809లో ఇంగ్లండు తీరాన గుడ్‌విన్ ఇసుకతిప్పల దగ్గర అది మునిగింది. 1980లలో ఆ నాణేలను లెక్కకు మిక్కిలిగా పైకి తీశారు. రెండు వందల ఏళ్లు నిండినా అవి సామాన్య సేకర్తలకు అందుబాటులోనే ఉన్నాయి, ఎందుకంటే వెలను నిర్ణయించేవి వయసు కన్నా ముందు ఎన్ని మిగిలాయన్నదీ ఎంత అరగకుండా మిగిలాయన్నదీను. ఈ రెండో సంగతి తెలియక, నిజంగా మంచి నాణెం దొరికినవారు కూడా కొనేవాడు వచ్చేలోగా దాన్ని చింతపండుతో తళతళలాడేలా తోమి, లోహాన్ని కాపాడుతూ వచ్చిన పైపొరనూ దానితో పాటు సగం ధరనూ తూములో కలుపుతారు.

ఇక బియ్యపు పరీక్ష. బిళ్లలో ఇరీడియం ఉందనీ, అందుకే గింజలను లాగుతుందనీ, దీన్ని ‘రైస్ పుల్లింగ్’ అంటారనీ, అంతరిక్ష సంస్థలు దీనికోసం కాచుకుని ఉన్నాయనీ చెబుతారు. ఇరీడియం రాగికి రెండున్నర రెట్లు సాంద్రత గల లోహం; అది చెప్పుకోదగినంత ఉంటే కంసాలి త్రాసూ గిన్నెడు నీళ్లూ ఆ సంగతి తేల్చేస్తాయి. గింజలను కదిలించేది వాటికి పట్టించిన ఇనుప రజను, బిళ్ల చాటున దాచిన అయస్కాంతం. ఈ తంతులో నిజంగా చేతులు మారే సొమ్ము పరీక్ష రుసుము, రేడియేషన్ సూటు అద్దె, అడ్వాన్సు మాత్రమే, అదీ కోటి రావలసిన ఆసామి జేబులోంచే. పాత నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదనీ, తాను ఎవరి దగ్గరా కమిషన్ అడగననీ 2021లో రిజర్వు బ్యాంకు ప్రకటించవలసి వచ్చింది. ఎందుకంటే అప్పటికే ఆ బ్యాంకు పేరు మీద కూడా రుసుము వసూలవుతోంది.

చట్టం దగ్గర మాత్రం ఈ విద్వాంసుల కంఠం కాస్త తగ్గుతుంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు కాబట్టి, 1818 నిజమైతే వాళ్లు ఎర చూపే దుబాయి కొనుగోలుదారు అబద్ధం, దుబాయి బేరం సాగాలంటే 1818 అబద్ధం కావాలి. 1878 నాటి నిధి చట్టం ప్రకారమైతే భూమిలో పాతిపెట్టి దొరికిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. తాతల నాటి బిందెలో, పొలం గట్టున, పుట్ట కింద ఇన్ని కోట్ల బిళ్లలు బయటపడుతున్న ఈ ప్రాంతంలో, వాటి ఆసాములు ఆ కార్యాలయం ముందు బారులు తీరిన దాఖలా లేదు.