తెలుసా గారు

మా వీధిలో ఆయన్ని అందరూ తెలుసా గారంటారు. అసలు పేరు రేషన్ కార్డు మీద ఉంటుంది. ఆయన ఏ మాట మొదలుపెట్టినా "తెలుసా అండీ?" అనే మొదలవుతుంది. తెలీదన్నామా, అరగంట పోతుంది. తెలుసన్నామా, గంట. మనకి తెలిసిందంతా తప్పని ముందు రుజువు చేసి, తర్వాత అసలు సంగతికొస్తారు.

ఈ జాతి ప్రతి ఊళ్ళోనూ ఉంది. షికారుకెళ్ళినవాళ్ళు ఎవరైనా ఫోటోలు తెస్తారు, చాక్లెట్లు తెస్తారు. వీళ్ళు సంగతులు తెస్తారు. విమానంలో వాటికి బరువు లెక్క లేదు కాబట్టి ఎన్నైనా తేవచ్చు. ఆ బరువు దిగాక మన మీద పడుతుంది.

మొన్న వేసవిలో తెలుసా గారి పెద్దబ్బాయి టికెట్లు కొని దంపతులిద్దర్నీ మారిషస్ పంపించాడు. ఐదు రోజులు. ఆవిడ సముద్రం చూశారు, ఈయన రాళ్ళు చూశారు. రాజమండ్రి చేరిన మర్నాడు పొద్దున్నే పుష్కర్ ఘాట్ దగ్గర నేను దొరికాను.

"మారిషస్ అంటే ఏంటో తెలుసా అండీ? సముద్రంలోంచి పైకి లేచిన అగ్నిపర్వతం నెత్తి. వయసు సుమారు 80 లక్షల ఏళ్ళు. ఆ తెల్ల ఇసక చూసి అంతా మోసపోతారు. అది పగడపు దిబ్బలు అరిగిన పొడి. దీవి రాయి మాత్రం మన అట్లపెనమంత నలుపు!"

క్యూర్‌పిప్ అనే ఊళ్ళో ఓ అగ్నిపర్వత బిలం ఉందట. లోపలంతా చెట్లు. దాని అంచు చుట్టూ జనం పొద్దున్నే మనలాగే వాకింగ్ చేస్తారట. లె మోర్న్ కొండ దగ్గర సముద్రం అడుగున జలపాతం ఉందని ఊరూరా బొమ్మలు వేసి చూపిస్తారు కదా, అది ఉత్త కనికట్టు. ఇసకా ఒండ్రూ లోతులోకి జారుతుంటే పైనుంచి చూసేవాడికి నీళ్ళు దూకుతున్నట్టుంటుంది. "ఆ మాట గైడు ఎప్పుడు చెప్పాడో తెలుసా? హెలికాప్టర్‌కి డబ్బు కట్టాక!"

షామరెల్‌లో ఏడు రంగుల నేల ఉంది. లావా రాయి చివికి మట్టయితే అందులోని ఇనుమూ అల్యూమినియమూ ఆ రంగులు తేల్చాయి. ఆ మట్టి గాజుగొట్టంలో పోసి అమ్ముతుంటే ఒకటి కొనుక్కొచ్చారు. ఎంత కలిపినా రంగులు మళ్ళీ దేనికది విడిపోతాయట. వచ్చినవాళ్ళందరి ముందూ కుదిపి కుదిపి చూపించేసరికి నెల తిరక్కుండా ఏడు రంగులూ కలిసి సున్నిపిండిలా తయారైంది. "విడిపోతాయండీ, టైం పడుతుంది. భూగర్భశాస్త్రం కదా!" అన్నారు.

ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆయన గొంతు తగ్గింది. చెరుకుతోటల మధ్య అక్కడక్కడా నల్లరాళ్ళు ఇంటెత్తున పేర్చి ఉన్నాయట. దున్నడానికి అడ్డమొచ్చిన లావారాళ్ళని ఒక్కొక్కటే ఏరి పోసింది కూలీలు. 1834 నుంచి ఓడల్లో వెళ్ళిన ఆ కూలీల్లో మనవాళ్ళూ ఉన్నారు. మన కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనేవారు. ఇప్పుడు ఉగాదికి ఆ దేశమంతటా సెలవు. ఇది చెప్పాక కాసేపు "తెలుసా" అనలేదు. నేనూ తప్పించుకుపోయే ప్రయత్నం చెయ్యలేదు.

అసలు ప్రమాదం ఆయన బావమరిది గృహప్రవేశంలో జరిగింది. దీవి ఎలా పుట్టిందని ఎవరో అడిగారు. అడిగింది ఆయనే అని నా అనుమానం. బావమరిది భుజం మీది కొత్త కండువా లాగి, వెలిగించిన ఊదుబత్తి ఓ కుర్రాడి చేతికిచ్చి, "నువ్వు కదలకు. నువ్వు భూమి లోపలి పొయ్యివి" అన్నారు. కండువా భూమి పైపెంకు. దాన్ని ఊదుబత్తి మీంచి ఉత్తరానికి కొంచెం కొంచెంగా లాగారు.

"ఇదిగో దక్కను పీఠభూమి, 6.6 కోట్ల ఏళ్ళ కిందటిది. ఇది లక్షద్వీప్. ఇవి మాల్దీవులు. ఇది చాగోస్. ఇది మారిషస్. ఇది రీయూనియన్. పొయ్యి అక్కడే ఉందండీ, మనమే ఇంత దూరం జరిగొచ్చాం!"

రీయూనియన్‌లో అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతోందని వివరిస్తూ కండువాని అక్కడ కాస్త ఎక్కువసేపు ఆపారు. అందుకని రీయూనియన్ మారిషస్ కంటే పెద్ద చిల్లయింది. నిజానికి దీవి కూడా పెద్దదే.

బావమరిదికి గౌరీపట్నంలో కంకర క్రషర్ ఉంది. ఆరు చిల్లుల కండువా ఓసారి, ఆయన ఫోన్లో నల్లరాళ్ళ ఫోటో ఓసారి చూసి, "ఇది చూడ్డానికా బావగారూ లక్షలు పోసి వెళ్ళారు? మా క్వారీలో రాయీ ఇదేగా?" అన్నాడు.

అందరూ నవ్వారు. తెలుసా గారు నవ్వలేదు. మూడు రోజులు వీధిలో కనపడలేదు. ఆ జాతికి అది సామాన్యమైన జబ్బు కాదు.

నాలుగోరోజు కళ్ళు ఎర్రగా చేసుకుని, చేతిలో నల్లరాయితో వచ్చారు. బావమరిది అన్నది అక్షరాలా నిజమట. గోదావరికి అటు గౌరీపట్నంలోనూ ఇటు కాతేరు దగ్గరా ఉన్న నల్లరాయి ఆ దక్కను లావాయే. పడమటి కనుమల దిక్కునుంచి పాత నదీలోయలు పట్టుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని శాస్త్రజ్ఞుల లెక్క. అంటే మన రాయీ మారిషస్ రాయీ ఒకే పొయ్యి మీద వండినవి. మనది తొలి వాయ. అరవై రెండేళ్ళుగా ఈయన ఆ కంకర రోడ్డు మీదే సైకిలు తొక్కారు, స్కూటరు నడిపారు, రెండుసార్లు పడి మోకాలు చెక్కుకున్నారు కూడా.

ఇప్పుడు మారిషస్ ఊసే లేదు. నిన్న మా సందు మొదట్లో కంకర లారీ దిగుతుంటే ఎదురెళ్ళి ఆపారు. ఓ ముక్క చేతిలోకి తీసుకుని, "బాబూ, దీని వయసెంతో తెలుసా? ఆరున్నర కోట్ల ఏళ్ళు!" అన్నారు.

డ్రైవరు బీడీ పక్కకి తీసి, "ఎన్నేళ్ళదైనా యూనిట్ రేటు అదేనండీ. తగ్గదు" అన్నాడు.