వెయ్యడుగుల వైభవం

హైదరాబాదు శివారు కాలనీల్లో ఒక కుటుంబం పరువును అంచనా వేయడానికి ఒకప్పుడు ఇంటి ముందరి కారు, పిల్లవాడి ఎంసెట్ ర్యాంకు, అమెరికాలో ఉన్న అల్లుడి వీసా సరిపోయేవి. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్, మణికొండ వంటి చోట్ల ఇప్పుడు వాటి సరసన బోరు లోతు కూడా వచ్చి కూర్చుంది. బోరు అంటే నేలలోకి నిట్టనిలువుగా వేసే ఆరున్నర అంగుళాల రంధ్రమనీ, అందులోకి నీటిలో మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ మోటారును దించి నీరు తోడుతారనీ అందరికీ తెలిసిందే అయినా, ఆ రంధ్రం ఎంత లోతుకు పోతే దాని యజమాని అంత ఘనుడన్న సిద్ధాంతం మాత్రం ఈ కాలనీలు స్వయంగా కనిపెట్టినది. ఆరు వందల అడుగులవారు ఎనిమిది వందలవారి ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు. వెయ్యి దాటినవారు నోరు విప్పనే అక్కర్లేదు, వారి తరఫున వాచ్‌మన్ మాట్లాడతాడు.

పన్నెండు వందల అడుగులంటే సుమారు 366 మీటర్లు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు కాబట్టి, రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్న గృహస్థుడు తన పెరట్లో దాదాపు మూడు సాగర్ డ్యాములు ఒకదానిపై ఒకటి నిలువునా పట్టేంత లోతు తవ్విస్తున్నాడన్నమాట. ఆ సాగర్ నుంచి కృష్ణా జలాలను వంద కిలోమీటర్లకు పైగా తరలించి 2004లో నగరానికి ఇచ్చారు. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి కూడా వచ్చింది. అంతకు ముందు మూసీ వరద బీభత్సం తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉండనే ఉన్నాయి. ఇన్ని నదులు ఇంత దూరం నడిచి వచ్చినా కాలనీ మనిషి మనసు మాత్రం పాతాళం మీదనే ఉండటానికి కారణం, నల్లా నీరు రోజు విడిచి రోజు రావడం ఒక్కటే కాదు. నల్లా నీరు అందరికీ ఒకే లోతు నుంచి వస్తుంది. దానితో ఎవరి గొప్పా తేలదు.

కాలనీ భూగర్భ శాస్త్రం ప్రకారం నేల అడుగున ఎక్కడో ఒక ‘జల’ ప్రవహిస్తూ ఉంటుంది. అది ఏటి పాయలాంటిదని కొందరు, కాశీ నుంచి వచ్చే గంగేనని మరికొందరు అంటారు గాని, తగినంత లోతుకు పోతే అది తగలక తప్పదన్న విషయంలో మాత్రం రెండు వర్గాల మధ్య భేదం లేదు. ఈ నగరం కింద నిజంగా ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు శిల. ఆ శిలకు ఇసుక నేలలాగా నీటిని పీల్చి నిలుపుకొనే గుణం లేదు. పైన శిథిలమై మొరంగా మారిన పలుచని పొరలోనూ, దాని కింద రాతికి పడిన పగుళ్లలోనూ మాత్రమే కాసిన్ని నీళ్లు నిలుస్తాయి, అవి కూడా పైనుంచి ఇంకిన వాన నీళ్లే. లోతుకు పోయేకొద్దీ పైరాతి బరువుకు ఆ పగుళ్లు సన్నబడి అరుదవుతాయి. పైగా మొరం కూలిపడకుండా బోరులో మొదట కేసింగ్ పైపు, అంటే గట్టి రాయి తగిలే వరకు దించే గొట్టం, బిగిస్తారు. నీరు ఉండగల పొరకు ఈ విధంగా అడ్డుగోడ కట్టుకుని, నీరు ఉండే అవకాశం అడుగడుగుకూ తగ్గే రాతిలో అడుగడుగుకూ పెరిగే రేటు చెల్లిస్తూ దిగడాన్ని కాలనీ భాషలో ‘ధైర్యం చేయడం’ అంటారు.

ఎక్కడ ధైర్యం చేయాలో నిర్ణయించే క్రియకు ‘పాయింటు చూడటం’ అని పేరు. పాయింటు చూసే నిపుణుడు పీచు తీయని కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని స్థలమంతా నడుస్తాడు. జల ఉన్న చోట కాయ తనంతట తాను నిటారుగా లేచి నిలబడుతుంది. ఈ శక్తి ఓ పాజిటివ్ రక్తం ఉన్నవారికే అబ్బుతుందని ఒక ఉపసిద్ధాంతం కూడా ప్రచారంలో ఉంది. కాయకు రక్తం గ్రూపు ఎలా తెలుస్తుందని అడిగినవారి బోరు ఎండిపోతుందని దానికి అనుబంధం. మనసులో ఉన్న అంచనాకు తగినట్టు కండరాలు మనిషికి తెలియకుండానే కదులుతాయని, దానికి ఇడియోమోటార్ ప్రభావమని పేరు పెట్టి ఆంగ్ల వైద్యుడు విలియం కార్పెంటర్ 1852లోనే వివరించాడు గాని, కాలనీ కొబ్బరికాయ విషయంలో కండరాల వరకూ పోనక్కర్లేదు, స్థలం ప్లాను చూస్తే చాలు. రెండు వందల గజాల్లో ఇల్లు, మెట్లు, కారు నిలిపే చోటు, సెప్టిక్ ట్యాంకు పోగా మిగిలేది ఈశాన్యం మూల. బోరుకు వాస్తు సమ్మతించేది ఈశాన్యం మూల. బోరు వేసే రిగ్గు లారీ తన స్తంభాన్ని ఎత్తగలిగినదీ వీధి వైపున్న ఈశాన్యం మూలే. భూగర్భ జలం కూడా ఈ మూడు సౌకర్యాలనూ గమనించి సరిగ్గా అక్కడికే వచ్చి ఆగడం, కాయ అక్కడే లేవడం ఈ శాస్త్రంలోని మహాద్భుతం.

దీన్ని ప్రాచీన విజ్ఞానమని సమర్థించేవారు ఉన్నారు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడి బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయం నిజంగానే భూగర్భ జలాన్వేషణకు సంబంధించినది. అయితే ఆయన చూడమన్నది చెట్లను, పుట్టలను, మట్టి రంగును. అంటే నేల మీద కనిపించే ఆధారాలను. చెట్టు కొట్టి, పుట్ట తవ్వి, మట్టి మీద గోడ నుంచి గోడ దాకా సిమెంటు పోసి, ఆపైన టైల్సు పరిచిన వాకిట్లో వరాహమిహిరుడు స్వయంగా వచ్చి నిలబడినా చూడటానికి ఏమీ మిగల్లేదు కాబట్టి కొబ్బరికాయే గతి అనుకోవాలి. ఇదే నగరంలో హబ్సిగూడ వద్ద 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది; నేలలోకి స్వల్పంగా విద్యుత్తు పంపి, అడుగున పొరలు దానిని ఎంత అడ్డుకుంటున్నాయో కొలిచి నీటి జాడ ఊహించే రెసిస్టివిటీ పద్ధతి భూగర్భ శాస్త్రజ్ఞులందరికీ కరతలామలకం. ఆ పద్ధతిలోని పెద్ద లోపం ఏమిటంటే అది అప్పుడప్పుడు ‘ఇక్కడ నీళ్లు లేవు’ అని కూడా చెబుతుంది. కొబ్బరికాయ అంత అమర్యాదగా ప్రవర్తించదు.

రిగ్గు వచ్చిన రోజు కాలనీకి పండగ. ఈ లారీల్లో చాలా భాగం బోరు పరిశ్రమకు దేశమంతటా పేరుపడ్డ తమిళనాడులోని తిరుచెంగోడు ప్రాంతం నుంచి వస్తాయి. ఒకటి యంత్రాన్ని మోస్తే, దాని వెనక రెండవది కంప్రెసరును మోస్తుంది. స్తంభానికి పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు, గంగమ్మకు హారతి అయిన తరువాత గాలి ఒత్తిడితో రాతిని కొట్టే సుత్తి మొదలవుతుంది. వీధి చివరి దాకా కిటికీ అద్దాలు అదురుతాయి, ఆరేసిన బట్టల మీద, తులసికోట మీద, ఎదురింటి కారు మీద బూడిదరంగు రాతిపొడి సమానంగా పరుచుకుంటుంది. చుట్టుపక్కల వారు ముక్కులకు చున్నీలు, తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని, నేలలోకి దిగే ఇనుప రాడ్లు లెక్కపెడతారు. పొడి కాస్త నల్లబడితే ‘తేమ తగిలింది’ అని ఒకరు, తెల్లబడితే ‘రాయి మారింది, ఇంకో వంద వేయించండి అన్నయ్యగారూ’ అని మరొకరు అంటారు. ఈ ఉచిత సలహా ఇచ్చేవారెవరూ అడుగు రేటులో వాటా భరించరు. ఏడు వందల అడుగుల దగ్గర ఆగిపోదామని యజమాని భార్య అంటుంది. ఇంతదాకా పెట్టింది మట్టిలో పోయినట్టేనా అని యజమాని అంటాడు. రిగ్గు మేస్త్రి మధ్యవర్తిగా నిలబడి, నీళ్లు వెయ్యి దగ్గర ఉండవచ్చని తనకు తెలిసిన కొద్దిపాటి తెలుగులో చెబుతాడు.

నీళ్లు పడిన తరువాత వాటిని ‘రెండించులు’, ‘మూడించులు’ అని కొలుస్తారు. కంప్రెసరు గాలికి పైకి ఎగజిమ్మిన నీటి ధార మందాన్ని కంటితో చూసి చెప్పే ఈ కొలత, పగుళ్లలో ఏళ్ల తరబడి కూడుకున్న నీరంతా తొలిరోజున ఒక్కసారిగా బయటపడటం వల్ల ఎప్పుడూ ఉదారంగానే ఉంటుంది. ఆ సాయంత్రానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో వీడియో, దాని కింద వరుసగా నమస్కారాలు. మరునాటి ఉదయం నుంచి పక్కింటి మోటారు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. బోరు నుంచి నీరు తోడినప్పుడు దాని చుట్టూ భూగర్భ జలమట్టం నిలబెట్టిన గరాటు ఆకారంలో, అంటే బోరు దగ్గర లోతుగానూ దూరం పోయేకొద్దీ మెరకగానూ కుంగుతుంది. లోతైన బోరు గరాటులోకి పక్కనున్న తక్కువ లోతు బోర్ల నీళ్లు జారిపోతాయి. కాబట్టి గంగమ్మ కరుణించిందని ఒక ఇంట్లో చక్రపొంగలి వండుతున్నప్పుడు, ఆ కరుణకు ఖర్చు భరించింది పక్కింటి గంగమ్మే. ఈ సంగతి పక్కింటివారికి తెలియదని కాదు. తెలుసు కాబట్టే తిరుచెంగోడు లారీ ఖాళీగా తిరిగి వెళ్లకుండా అదే వారంలో వారింటి ముందు కూడా ఆగుతుంది. ఏడాది తిరిగేసరికి వీధి మొత్తం రెండు వందల అడుగులు దిగి, మళ్లీ ఎవరి స్థానంలో వారు ఉంటారు.

ఈ పోటీకి చట్టం దన్ను కూడా ఉంది. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం, అంటే ఒకరి ఆస్తి మీద మరొకరికి ఉండే అనుభవ హక్కులను వివరించే చట్టం, స్పష్టమైన కాలువగా పారని భూగర్భ జలాన్ని భూయజమాని తన హద్దుల్లో ఎంతైనా తోడుకోవచ్చని ఒక ఉదాహరణలో పేర్కొంది. ఏతంతో, కపిలతో తోడే రోజుల్లో ‘ఎంతైనా’ అన్న మాటకు మనుషుల, ఎద్దుల ఓపికే హద్దు; మోటారు వచ్చాక ఆ హద్దు పోయింది. దానిని సరిదిద్దడానికి 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాడుకలో ‘వాల్టా’, కొత్త బోరుకు అనుమతి, రిగ్గుకు రిజిస్ట్రేషన్, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల దూరం వంటి నియమాలు పెట్టింది. అయితే బోర్లు ఎక్కువగా శనివారం రాత్రి మొదలై, కార్యాలయాలు తెరుచుకునే సోమవారం ఉదయానికి రాతిపొడి ఊడ్చేసి ఉండటం వల్ల, ఆ చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించినట్టు ఎక్కడా కనిపించదు.

ఇంత కష్టపడి పైకి తెచ్చిన నీటి గుణం వేరే కథ. గ్రానైటులో ఎక్కువ కాలం నిలిచిన నీటిలోకి రాతి నుంచి ఫ్లోరైడు, ఇతర లవణాలు దిగుతాయి. నల్గొండ జిల్లా పల్లెల్లో వంగిన కాళ్లూ వెన్నులూ ఆ ఫ్లోరైడు ఫలితమే. నగరవాసికి ఆ భయం అక్కర్లేదు, ఆయన ఇంట్లో ఆర్‌వో యంత్రం ఉంది, అది లవణాలను వడగట్టి ఒక లీటరు తాగునీటికి అంతకు మించిన నీటిని సింకులోకి వదులుతుంది. వెయ్యి లీటర్లను మూడు వందల మీటర్లు పైకెత్తడానికి లెక్క ప్రకారమే 0.8 యూనిట్ల విద్యుత్తు కావాలి, మోటారు నష్టాలు కలుపుకుంటే రెండు యూనిట్ల దాకా పోతుంది. అంత కరెంటు పోసి తెచ్చి ఆ యంత్రంలో పోసినదానిలో సగానికి పైగా మురుగు కాలువకు నైవేద్యం.

హైదరాబాదులో ఏటా సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రెండు వందల గజాలంటే 167 చదరపు మీటర్లు. ఆ స్థలం మీద పడే వాన 1,33,000 లీటర్లకు పైమాటే, అందులో నాలుగో వంతు ఆవిరికీ చిందులకూ వదిలేసినా లక్ష లీటర్లు మిగులుతాయి, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. ఈ ఇరవై ట్యాంకర్లనూ కాలనీవారు పైపు పెట్టి రోడ్డు మీదికి వదిలి, ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం అదే రోడ్డు మీద ఎదురుచూస్తారు. 2016 సెప్టెంబరులో నిజాంపేటలోని బండారి లేఅవుట్ వరదలో మునిగినప్పుడు అపార్టుమెంట్ల సెల్లార్లు చెరువులయ్యాయి. వేసవిలో ట్యాంకర్ల మీద బతికే ప్రాంతం కూడా అదే. వాన వస్తే పడవ, పోతే ట్యాంకరు అన్న ఈ ఏర్పాటును ప్రకృతి వైపరీత్యమని పిలవడం ప్రకృతి మీద వేసే అభాండం.

దీనికి విరుగుడుగా ఇంకుడు గుంత అనే వస్తువు ఉంది. ఆరేడు అడుగుల గొయ్యి తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక నింపి డాబా నీళ్లు అందులోకి వదిలితే నేలలోకి ఇంకుతాయి. ఎండిపోయిన పాత బోరును కూడా ఇదే పద్ధతిలో నీరు దింపడానికి వాడుకోవచ్చు. 2000లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ‘నీరు–మీరు’ పేరిట ఊరూరా వీటిని తవ్వించింది. అపార్టుమెంట్ల అనుమతికి ఇది తప్పనిసరి అని నిబంధన కూడా ఉంది. అందుకే ప్రతి అపార్టుమెంటు ప్లానులోనూ చక్కని గుండ్రటి గీతగా అది కనిపిస్తుంది, కొన్ని చోట్ల అధికారుల తనిఖీ నాటికి రెండడుగుల లోతున వెలుస్తుంది కూడా, తరువాత దాని మీద పలక వేసి ఎవరో బైకు నిలుపుకుంటారు. అసోసియేషన్ మీటింగులో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముందుగా దోమల భయం, ఆ తరువాత పునాదికి చెమ్మ, చివరికి ‘మనం ఇంకిస్తే పక్కవాళ్లు తోడుకుంటారు కదండీ’ అన్న మహావాక్యం వినిపిస్తాయి. పక్కవాళ్ల నీళ్లు తమ బోరులోకి వచ్చినప్పుడు ఈ భూగర్భ విజ్ఞానం ఎవరికీ గుర్తుకురాదు.

అన్ని అభ్యంతరాలూ వీగిపోయినా వాస్తు నిలబడుతుంది. నైరుతిలో గొయ్యి యజమానికి అరిష్టం, ఆగ్నేయం అగ్ని స్థానం, ఈశాన్యంలో గుంత మహా శుభమే గాని అక్కడ సంపు, పాత బోరు, కొత్త బోరు ఇప్పటికే ఉన్నాయి. ఇక వాయవ్యం ఒక్కటే మిగులుతుంది, దానిని కాలనీ సిద్ధాంతులు చాలాకాలం కిందటే సెప్టిక్ ట్యాంకుకు కేటాయించారు.