నంద్యాలలో నాకేం పని?

నేను హీటర్ని. గాజు గొట్టం, లోపల తీగచుట్ట, పైన డిగ్రీలు తిప్పుకునే మర, ఒక ఎర్ర దీపం. వంద లీటర్ల తొట్టికి వంద వాట్లు చాలని లెక్కగట్టి నన్ను కొన్నారు. మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులున్న నంద్యాలలో చేపలకు హీటరు పెట్టారంటే సంజీవనగర్‌లో నవ్వనివాళ్ళు లేరు. "ఈ ఎండకు మనుషులే ఉడుకుతాండారు, చేపలకు గూడా నీళ్ళు కాగబెట్టాల్నామ్మా?" అని పాలాయన అడిగితే ఇంటామె నవ్వి ఊరుకుంది. జవాబు నా దగ్గరుంది. నన్నెవరు అడుగుతారు?

మా తొట్టిలోవి డిస్కస్ చేపలు. వీటిది అమెజాన్ నది. వీటికి 1840లో వియన్నాలోని హెకెల్ అనే ఆయన శాస్త్రనామం పెట్టాడు. పళ్ళెంలా గుండ్రంగా, పలచగా ఉంటాయి. 28 నుంచి 30 డిగ్రీల నీళ్ళలో హాయిగా తిరుగుతాయి. ఎండాకాలం నేను దండగే, ఒప్పుకుంటా. అప్పుడు మూత తీసి ఫ్యాను తిప్పుతారు, గాలిబుడగలు పెంచుతారు. వేడినీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది మరి. డిసెంబరులో మాత్రం తెల్లారేసరికి తొట్టి చల్లబడుతుంది. పగలొక తీరు, రాత్రొక తీరు అయితే పిల్లచేపలు తట్టుకోలేవు. అప్పుడు నా ఎర్ర దీపం వెలుగుతుంది.

పిల్లచేపలు చెన్నై కొళత్తూరు అంగళ్ళ నుంచి ఆక్సిజన్ సంచుల్లో వచ్చాయి. ఆరు. రెండే తెస్తే బలమైనది రెండోదాన్ని మేత దగ్గరికి రానివ్వదు. గుంపుగా ఉంటే ఆ పొడుపులు అందరికీ పంచుకుపోతాయి. దిగిన సాయంత్రమే ఒళ్ళు నల్లబడి, రెక్కలు ముడిచి ఓ మూలకు చేరాయి. ఇంట్లో మందుల మాట మొదలైంది. ఇంటామె లైటు ఆర్పేసి, గాజు మీద పిల్లలు చేతులు కొట్టకుండా చూసింది, అంతే. మర్నాటికి రంగు తేరుకుంది.

వీటి పసితనం వింతది. గుడ్డు నుంచి వచ్చి ఈదడం నేర్చిన పిల్లలు తల్లి ఒంటినీ తండ్రి ఒంటినీ అంటుకుని, ఆ చర్మం మీది జిగురే తింటాయి. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2010లో దాన్ని పరీక్షించి, గుడ్లు పెట్టే వేళకు ఆ జిగురులో ప్రొటీన్లు పెరుగుతాయని చెప్పారు. మూడో వారం నుంచి పెద్దవి పిల్లల్ని వదిలి కాసేపు దూరం జరుగుతాయట. పాలు మాన్పించడమే కదా! మా దగ్గరికి వచ్చేసరికి ఆ దశ ఎప్పుడో దాటింది గానీ ఆకలి మాత్రం దాటలేదు. రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి: మెత్తగా రుబ్బిన రొయ్య, గడ్డకట్టించిన ఎర్ర పురుగులు. చిన్నతనంలో తిండి తగ్గితే ఒళ్ళు పెరగదు, కళ్ళు మాత్రం పెద్దవిగా కనబడతాయి.

అంత తిండి పెడితే అంత మురికి. మిగిలిన మేతా రెట్టా కుళ్ళి అమోనియా అవుతుంది. నీళ్ళు ఎంత వేడిగా, ఎంత క్షారంగా ఉంటే అది అంత విషం. వేడి నా వంతు, క్షారం ఈ నేల వంతు. బేతంచర్ల బండలు పుట్టే సున్నపురాతి సీమ ఇది. బోరునీళ్ళలో ఆ సున్నమే. అందుకని మురికి దాక్కోకుండా అడుగున ఇసుక కూడా పరవలేదు. ఇంటామె రోజూ సగం నీళ్ళు తీసి, ముందురోజే డ్రమ్ములో పట్టి గాలి కొట్టించిన మునిసిపాలిటీ నీళ్ళు పోస్తుంది. వాటికీ ఇదే వెచ్చదనం ఉండాలి. ఈ పనికి పావుగంట ముందే నా ప్లగ్గు పీకాలి. కాలుతున్న గాజు నీళ్ళ బయట పడితే పగులుతుంది. అది నా ప్రాణానికి సంబంధించిన సంగతి కాబట్టి ఇంకోసారి చెప్తున్నా: ముందు ప్లగ్గు.

ఒకరోజు ఇంట్లో పిల్లోడు అందానికని బేతంచర్ల బండముక్క తొట్టిలో నిలబెట్టాడు. ఇంటామె తమ్ముడిది ఆళ్ళగడ్డ. శిల్పాలకు భౌగోళిక గుర్తింపు పొందిన ఊరు. ఆయనా ఉలి పట్టినవాడే. వస్తూనే రాయి చూశాడు.

"అక్కా, ఒక నిమ్మకాయ తే."

రాయి బయటికి తీసి, ఉలితో గీకి, ఆ పొడి మీద రసం పిండాడు. బుస్సుమని నురగ పొంగింది. "సున్నపురాయక్కా ఇది. నీళ్ళలో కరుగుతానే ఉంటాది." రాయి పెరట్లోకి పోయింది. తర్వాత ఒకరు చెప్పారని నీళ్ళ క్షారాన్ని చూపే అంకెను, అదే పీహెచ్‌ను, తగ్గించే మందు సీసా తెస్తానన్నాడు పిల్లోడు. ఆమె వద్దంది. తొట్లలో పెరిగిన డిస్కస్ కాస్త గడుసు నీళ్ళకైనా అలవాటు పడుతుంది. ఇవాళ ఒక అంకె, రేపు ఒక అంకె అయితేనే చిక్కు. ఆమెకు ఇదంతా ఎప్పుడు తెలిసిందో నాకూ అర్థం కాలేదు.

చేపల్ని చూసి చూసి తమ్ముడికీ ఆశ పుట్టింది, ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్డులోనే తొట్టి పెడతానన్నాడు.

"షెడ్డులో వద్దబ్బీ. ఎయిర్ పంపు ఆడ ఉండే గాలినే పీల్చి నీళ్ళలోకి ఊదుతాది. నీ రాతిదుమ్మంతా చేపల మొప్పల్లోకి పోతాది. ఇంట్లో పెట్టుకో."

"సరేలేక్కా. మరి హీటరు ఎన్ని వాట్లది కొనల్ల?"

"అది చలికాలం మాట. ముందు డ్రమ్ము కొను."