పడవ ఒప్పుకుంటేనే ఇల్లు

సిడ్నీ నగరానికి ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో పిట్‌వాటర్ అనే సముద్రపు పాయ ఉంది. దాని పడమటి ఒడ్డు కురింగై చేజ్ నేషనల్ పార్కు అడవి. ఆ అడవి అంచున లవెట్ బే, ఎల్వినా బే లాంటి చిన్న మలుపుల్లోనూ, నీటి మధ్యనున్న స్కాట్లాండ్ ఐలాండ్ మీదా జనం ఇళ్ళు కట్టుకుని ఉంటున్నారు. బయటి ప్రపంచం నుంచి ఈ ఇళ్ళకు రోడ్డు లేదు. చర్చ్ పాయింట్ దగ్గర కారు వదిలేసి ఫెర్రీ అయినా ఎక్కాలి, సొంత అల్యూమినియం పడవ మోటారు తాడైనా లాగాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గాని, ఆయన ఊరికి బండిబాట ఉండే ఉంటుంది. ఇక్కడ ఇల్లు కట్టేవాడు రెండో పని ముందు చేసుకుని కాస్త తేరుకోవడం మంచిది.

ఇలాంటి చోట ఆర్కిటెక్టు గీసిన ప్లానును మొదట ఆమోదించాల్సింది మునిసిపాలిటీ కాదు, బార్జి అనే బల్లపరుపు సరుకు పడవ. కలప, రేకులు, తలుపులు, నీళ్ళ ట్యాంకు, వంటింటి గట్టు, స్నానాల తొట్టె అన్నీ దాని మీదే రావాలి. బార్జి ఒడ్డుకు ఆనాలంటే నీరు నిండుగా ఉండాలి. ఇక్కడ పోటుకూ పాటుకూ నడుమ నీటిమట్టం తేడా అమావాస్య పున్నములకు ఒకటిన్నర మీటరు దాటుతూ ఉంటుంది. ఆస్ట్రేలియా మేస్త్రికి పంచాంగం తెలియకపోవచ్చు గాని టైడ్ చార్టు మాత్రం కంఠతా వచ్చు. ముహూర్తం గంట తప్పితే బార్జి బురదలో కూర్చుంటుంది. దాని మీద ఫ్రిజ్, ఫ్రిజ్ పక్కన ఇద్దరు కూలీలు, తర్వాతి పోటు దాకా ప్రకృతి సౌందర్యం చూస్తూ కూర్చుంటారు, గంటల కూలీకి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనడానికి కూడా ఇక్కడ వీల్లేదు. ఇల్లయ్యాక మంచం తేవాలన్నా, పాత మంచం పారేయాలన్నా మళ్ళీ మల్లయ్యగారే.

ఒడ్డుకు చేరినంత మాత్రాన సామాను ఇంటికి చేరినట్టు కాదు. స్థలం దాదాపు ఎప్పుడూ ఏటవాలు కొండే. కొందరు జెట్టీ దగ్గర నుంచి ఇంటి దాకా పట్టాల మీద నడిచే చిన్న లిఫ్టు పెట్టుకుంటారు. లేనివారికి మెట్లూ, మోకాళ్ళూ. ఒక ఘనమీటరు కాంక్రీటు 2.4 టన్నుల బరువు. ఆ అంకె విన్న ఇంజనీరు పునాదిని గీయడం మానేసి, ఇసుకరాతి మీద అక్కడక్కడా చిన్న దిమ్మలు వేసి, వాటిలో ఉక్కు స్తంభాలు బిగించి, ఇంటిని నేల మీద నుంచి ఎత్తి నిలబెడతాడు. దీనివల్ల కొండను తొలిచే పని తప్పుతుంది, వాననీరు తన దారిన తాను పోతుంది, స్పాటెడ్ గమ్ చెట్ల వేళ్ళు తెగవు, చెదలు ఎక్కితే కంటికి కనబడతాయి. పత్రికలు దీన్ని నేల తల్లి పట్ల వినయం అని రాస్తాయి. నిజానికి ఆ వినయంలో చాలా భాగం నడుము నొప్పి. మోసుకెళ్ళాల్సి వస్తే మనిషి ప్రతి వస్తువునూ రెండుసార్లు ప్రశ్నిస్తాడు: ఈ నాలుగో పడకగది ఎవరికి? ఈ గ్రానైటు దేనికి? రోడ్డు పక్క స్థలంలో ఈ ప్రశ్నలు వేయడానికి లారీ అవకాశం ఇవ్వదు.

ఈ లెక్కను చివరి దాకా తీసుకెళ్ళినవాడు రిచర్డ్ లెప్లాస్ట్రియర్. సిడ్నీ ఒపేరా హౌస్ రూపశిల్పి యోర్న్ ఉట్సన్ దగ్గర పనిచేసి, ఆ తర్వాత జపాన్‌లో చదువుకున్న ఈ ఆర్కిటెక్టు లవెట్ బేలో తన కుటుంబం కోసం కట్టుకున్న ఇల్లు ఒకటే గది, దాన్ని అంటి వరండా. కిటికీలకు అద్దాలు లేవు. చెక్క పలకలు తెరుస్తారు, మూస్తారు. స్నానం ఆరుబయట. ఆస్ట్రేలియా ఆర్కిటెక్టుల సంస్థ 1999లో ఆయనకు తన అత్యున్నత పురస్కారం గోల్డ్ మెడల్ ఇచ్చింది. మన బంధువులైతే ఇల్లంతా చూసి, "బాగుంది బాబూ, మిగతాది ఎప్పుడు కడతావ్?" అని ఉండేవారు.

వెలుగు విషయం తేలిక. దక్షిణార్ధగోళంలో చలికాలపు ఎండ ఉత్తరం నుంచి వస్తుంది కాబట్టి ఉత్తరం వైపు తెరిచి పెట్టాలి. ఇక్కడ వాస్తు సిద్ధాంతీ, సూర్యుడూ ఒకే మాట మీద ఉన్నారు. చిక్కల్లా ఏమిటంటే నీళ్ళు ఎటున్నాయో అటే అందం ఉంటుంది. నీళ్ళు దక్షిణాన ఉన్న స్థలంలో కొండ వెనక నుంచి ఎండ రాదు, ముందు నుంచి చలిగాలి వస్తుంది. యజమాని అటే అద్దాలు కావాలంటాడు.

అసలు తలనొప్పి కప్పు దగ్గర మొదలవుతుంది. తాగే నీరు సాధారణంగా వాననీరే. 150 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,500 లీటర్లు. సిడ్నీ ప్రాంతంలో వాన బాగానే పడుతుంది గాని మనకు కావలసిన నెలలో పడాలన్న నియమమేమీ పెట్టుకోలేదు. అందుకే పెద్ద ట్యాంకులు, వాటికి చూరు వెంట నీటికాలువలు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే యూకలిప్టస్ చెట్టు ఏడాది పొడవునా ఆకు రాలుస్తుంది, ఆ ఆకు నూనెతో నిండి ఉంటుంది, అది నేరుగా వచ్చి ఆ చూరుకాలువలోనే పడుతుంది. కార్చిచ్చు వచ్చినప్పుడు చాలా ఇళ్ళు మంట తగిలి కాదు, ముందుగా ఎగిరొచ్చిన నిప్పురవ్వల వల్ల అంటుకుంటాయి. అంటే తాగడానికి నీళ్ళిచ్చే కాలువే నిప్పుకు పొయ్యి. ఇంటికాయన వేసవిలో వారాంతాలు నిచ్చెన మీద గడుపుతాడు.

1994 జనవరి మంటల్లో ఈ ఒడ్డున కూడా ఇళ్ళు కాలిపోయాయి. ఇప్పుడు ఏఎస్ 3959 అనే ప్రమాణం ప్రకారం ప్రతి స్థలానికీ మంట ప్రమాదాన్ని ఆరు మెట్లలో లెక్కకడతారు. పై మెట్టు పేరు ఫ్లేమ్ జోన్. పై మెట్లకు వెళ్ళేకొద్దీ కలపకు బదులు లోహం, గట్టిపరచిన అద్దం వస్తాయి. రవ్వ దూరకుండా సందులకు 2 మిల్లీమీటర్లకు మించని కన్నాల లోహపు జాలీ పెట్టాలి. ట్యాంకులో కొంత నీరు మంటల కోసమే అట్టిపెట్టాలి. బయటి నుంచి ఫైరింజను రాదు, పడవలో సిబ్బంది వచ్చేదాకా సొంత పంపే దిక్కు. ఆ పంపు కరెంటుది కాకూడదు, ఎందుకంటే మంట వచ్చినప్పుడు మొదట పోయేది కరెంటే. ఇళ్ళ ముందు ఉప్పునీళ్ళు ఎన్ని ఉన్నా, గొట్టం లేనివాడికి అవి దృశ్యం మాత్రమే.

వచ్చిన నీరు పోవాలి కూడా. రాతి మీద మట్టి పలుచన. మామూలు సెప్టిక్ ట్యాంకు నీరు సరిగా ఇంకక తిన్నగా పిల్లలు ఈదే ఒడ్డుకే దిగుతుంది. కాబట్టి నీటిలోకి గాలి పంపి శుద్ధిచేసే ట్యాంకో, నీరే వాడని కంపోస్టు మరుగుదొడ్డో పెడతారు. రెండోది పర్యావరణానికి మేలు. దాని పనితీరును భోజనాల దగ్గర అతిథులకు వివరించే యజమానుల సంగతి వేరు.

సౌరఫలకాలకు ఎండ కావాలి, ఎండకు చెట్లు అడ్డం, ఆ చెట్లు కొట్టడానికి అనుమతి అంత తేలిగ్గా దొరకదు. ఆకు ఎక్కడ పలచగా ఉందో చూసి అక్కడ బిగిస్తారు. ఉప్పుగాలికి మామూలు మేకు తుప్పుపడుతుంది గనుక స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడతారు. వాటి డబ్బా పడవలోంచి జెట్టీకి అందిస్తున్నప్పుడు చేయి జారితే, ఆ మరలు ఇంటికి కాక నీటి అడుగుకు చేరతాయి.

ఇక జెట్టీ. ఇల్లు కట్టింది సొంత నేల మీదైనా, పోటునీటి గీత దాటాక సాధారణంగా నేల ప్రభుత్వానిదే. కాబట్టి జెట్టీకి వేరే అనుమతి, ఏటా వేరే అద్దె. అది మంజూరయ్యేదాకా యజమాని బార్జి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో నడిచి తన కొత్త ఇంటికి వెళ్ళవచ్చు. దానికి అనుమతి అక్కర్లేదు.