ఏమీ మారని కొత్త వెర్షన్

జాంగో కొత్త వెర్షన్ ఎనిమిది నెలలకోసారి వస్తుంది. మా డెల్టాలో వరికి నారు పోసింది మొదలు మినుము ఇంటికి చేరేలోపు ఒకటి దిగిపోతుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, లారెన్స్ అనే ఊళ్లో ఒక దినపత్రిక వాళ్లు తమ వెబ్‌సైట్ పనులు త్వరగా తెమలడానికి రాసుకున్న ఫ్రేమ్‌వర్క్ ఇది. 2005 జులైలో లోకానికి ఇచ్చేశారు. ఆ పుణ్యాన విజయవాడ మొగల్రాజపురంలో, ఓ మేడ మీది గదిలో నా పొయ్యి వెలుగుతోంది.

2025 ఏప్రిల్‌లో 5.2 విడుదలైనప్పుడు మార్పుల జాబితా చదివి మురిసిపోయాను. షెల్ తెరవగానే మోడల్స్ వాటంతటవే ఇంపోర్ట్ అయిపోతాయి. రెండు మూడు ఫీల్డులు కలిపి ప్రైమరీ కీ పెట్టుకోవచ్చు. ఈ శుభవార్త ఇంట్లో చెబితే మా ఆవిడ శ్రద్ధగా విని, "అన్నం ఇప్పుడు పెట్టనా, కాసేపాగి తింటారా?" అంది.

ఆవిడ నయం. గుడివాడ వైపు ఒక రైస్ మిల్లుంది. అక్కడ కాటా దగ్గర నడిచే ప్రోగ్రాం నేను రాసిచ్చిందే. లారీ ఎక్కుతుంది, బరువు పడుతుంది, గుమాస్తా బస్తాల లెక్క, తేమ శాతం కొడతాడు, చీటీ వస్తుంది. కీబోర్డు మీద అక్షరాలు ఊకదుమ్ములో ఎప్పుడో కలిసిపోయాయి. అతనికి వాటితో పనిలేదు. తేమ 17 దాటితే మాత్రం తలెత్తి రైతు ముఖంలోకి చూస్తాడు.

అదంతా అప్పట్లో జాంగో 4.2 మీద నడిచేది. అది ఎల్టీఎస్, అంటే మూడేళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తామని మాటిచ్చిన వెర్షన్. ఆ మాట 2026 ఏప్రిల్‌తో సరి. 5.2కి మారితే 2028 ఏప్రిల్ దాకా దిగులుండదు. ఈ సంగతి చెప్పడానికి వెళ్లాను.

"మారిస్తే ఏమొస్తుంది అబ్బాయ్?" అన్నారు ఓనరు గారు.

"కొత్తగా ఏమీ రాదండి."

"చీటీ తొందరగా వస్తుందా?"

"ఇప్పుడొచ్చినట్టే వస్తుందండి."

"పోనీ, మార్చకపోతే?"

"ఇప్పటికిప్పుడు ఏమీ కాదండి."

ఆయన గుమాస్తా వైపు చూశారు, ఇతనికి కాఫీ చెప్పాలా వద్దా అన్నట్టు.

"మన 5204 వరి చూడు. బాపట్ల వాళ్లు 1986లో ఇచ్చారు. ఇవాళ్టికీ సాంబ మసూరి అంటే జనం అడిగి మరీ కొంటున్నారు. ఎనిమిది నెలలకోసారి నంబరు మార్చారా ఎవరన్నా?"

నేను అక్కడే పట్టుకున్నాను. "దానికి ఎండాకు తెగులు సోకేది కదండీ! హైదరాబాద్‌లో సీసీఎంబీ వాళ్లూ, వరి పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి తెగులును తట్టుకునే జన్యువులు మూడు అందులోకి ఎక్కించారు. 2008లో విడుదల చేశారు. గింజ అదే సన్నం, వండితే అదే అన్నం. తేడా తెలిసేది తెగులుకి మాత్రమే. నేను చేస్తానంటున్నదీ అదేనండి."

వరి మీద మాట వస్తే డెల్టాలో ఎవరూ తీసిపారెయ్యరు. కాఫీ వచ్చింది.

"అయితే మార్చు. చీటీ పాతదేగా?"

"పాతదేనండి."

"బటన్లూ పాతవేగా?"

"రవ్వంత తేడా ఉండదండి."

"మరింకేం, నీ బిల్లు కూడా పాతదే ఉంచు."

వెర్షన్ మారిపోయింది. మారిన సంగతి గుమాస్తాకి ఈనాటికీ తెలియదు, అంటే పని బాగా జరిగినట్టే. జాంగో వాళ్లు ఎల్టీఎస్‌కి మూడేళ్లే పూచీ పడతారు. ఆ మిల్లులో నా రేటుకి మాత్రం ఆఖరు తేదీ లేదు.