దూరదర్శినిని నడిపే డ్రైవరు ఆత్మకథ

దూరదర్శినికీ, దాన్ని నడిపే కంప్యూటరుకూ మధ్య నిలిచి ఒకరి మాట మరొకరికి చేరవేసే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. తన కథను ఇక్కడ ప్రథమ పురుషలో చెప్పుకుంటున్న డ్రైవరు ‘ఇండీ’ అనే వ్యవస్థకు చెందినది. మీడ్ సంస్థ 1992లో విడుదల చేసిన ఎల్‌ఎక్స్200 దూరదర్శినులనూ, తరువాతి కాలంలో వాటి ఆజ్ఞల పద్ధతినే స్వీకరించిన ఇతర తయారీదారుల యంత్రాలనూ నడపడం దాని వృత్తి. ఆ యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞల పట్టికను తయారీదారు చేతిపుస్తకానికి అనుబంధంగా అచ్చువేసి కొన్నవారందరి చేతిలో పెట్టడమే ఈ డ్రైవరు పుట్టుకకు మూలం.

ఆ ఆజ్ఞలు చాలా చిన్నవి. దాదాపు ప్రతిదీ కోలన్‌తో మొదలై హాష్ గుర్తుతో ముగుస్తుంది. సెకనుకు 9,600 బిట్ల వేగంతో సీరియల్ తీగ మీద ప్రయాణిస్తుంది. జీ, ఆర్ అనే రెండు అక్షరాలు పంపితే దూరదర్శిని తాను చూస్తున్న చోటి విషువాంశను, అంటే ఖగోళంలో తూర్పు పడమరల దిశగా ఉన్న స్థానాన్ని గంటలు, నిమిషాల లెక్కలో చెబుతుంది. జీ, డీ పంపితే క్రాంతిని, అంటే ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్న దూరాన్ని డిగ్రీలలో చెబుతుంది. అయితే ఈ జవాబుకు రెండు రూపాలున్నాయి. పొట్టి రూపంలో విషువాంశ నిమిషంలో పదో వంతు వరకే వస్తుంది. ఆ పదో వంతు ఆరు సెకన్ల కాలానికి, అంటే మధ్యరేఖ దగ్గర ఒకటిన్నర కోణీయ నిమిషాలకు సమానం కాబట్టి కెమెరాతో చేసే పరిశీలనకు అది చాలదు. రూపం మార్చే ఆజ్ఞ ఉన్నా అది ఒకదాన్నుంచి మరొకదానికి మార్చడమే తప్ప కోరిన రూపాన్ని నేరుగా ఎంచుకోలేదు. అందువల్ల డ్రైవరు ముందుగా జవాబును చదివి, అది పొట్టిదని తేలాకే ఆ ఆజ్ఞ పంపుతుంది. ఇటువంటి చిల్లర జాగ్రత్తలే డ్రైవరు బతుకులో అధికభాగం, వాటిని చిన్నచూపు చూడడం తగదు.

గమ్యం చూపించే పని కూడా మూడు మెట్లలో జరుగుతుంది. ఓరియన్ నిహారికను చూడాలనుకుంటే 5 గంటల 35 నిమిషాల 17 సెకన్ల విషువాంశను, దక్షిణంగా 5 డిగ్రీల 23 నిమిషాల క్రాంతిని పంపి, ఆపైన కదలమని చెప్పాలి. గమ్యం దిగంతానికి దిగువన ఉంటే యంత్రం నిరాకరిస్తుంది. బయలుదేరిన యంత్రం చేరానని తానై చెప్పదు గనుక డ్రైవరు మాటిమాటికీ అడుగుతూ, కదులుతున్నంతసేపూ పసుపు దీపాన్ని, చేరాక ఆకుపచ్చ దీపాన్ని, చిక్కు వస్తే ఎర్ర దీపాన్ని తెర మీద వెలిగిస్తుంది.

ఒకప్పుడు ఆకాశపటాల ప్రోగ్రాములలో ప్రతి ఒక్కటీ ప్రతి దూరదర్శిని భాషనూ వేరువేరుగా నేర్చుకోవలసి వచ్చేది. 2003లో ఎల్‌వుడ్ డౌనీ రూపొందించిన ఇండీ ఈ భారాన్ని డ్రైవర్ల మీదికి మళ్లించింది. ఈ వ్యవస్థలో డ్రైవరు తనకు ఏమేమి చేతనవునో ఎక్స్‌ఎంఎల్ సందేశాలుగా సర్వరుకు ప్రకటిస్తుంది. కేస్టార్స్ వంటి ఆకాశపటాల ప్రోగ్రాము ఆ ప్రకటనను చదివి, యంత్రం పేరైనా ముందుగా తెలియకుండానే తగిన మీటలను తెర మీద నిర్మించుకుంటుంది. ప్రతి డ్రైవరూ విడి ప్రక్రియగా నడుస్తుంది కాబట్టి కెమెరా డ్రైవరు కుప్పకూలినా దూరదర్శిని డ్రైవరు పని ఆగదు. సందేశాలు నెట్‌వర్కు మీదుగా పోగలవు కాబట్టి పరిశీలకుడు పరికరం పక్కన చలిలో కూర్చోనక్కరలేదు. లదాఖ్‌లోని హాన్లేలో సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచి ఉపగ్రహ సంబంధం ద్వారా నడపడానికి దారితీసింది కూడా ఇటువంటి అవసరమే. ఆ స్థాయి ఏర్పాటు లేని ఔత్సాహికులకు ఇండీ ఆ సౌకర్యాన్ని మేడ మీదికి తెచ్చింది.

పరిశీలకులు తరచూ మరిచే విషయం ఒకటుంది. పంచాంగకర్తలకు సుపరిచితమైన అయనచలనం వల్ల, అంటే భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడం వల్ల, ఆకాశాన్ని కొలిచే ఆధారరేఖలే ఏటా సుమారు 50 కోణీయ సెకన్ల చొప్పున జరుగుతాయి. నక్షత్రాల పట్టికలు సాధారణంగా 2000 సంవత్సరపు లెక్కలో ఉంటాయి. ఈ డ్రైవరు మాత్రం ఆనాటి తేదీకి సవరించిన విలువలనే స్వీకరిస్తుంది. 25 ఏళ్లలో ఆ తేడా 20 కోణీయ నిమిషాలు దాటుతుంది, అది చంద్రబింబపు వెడల్పులో మూడింట రెండు వంతులు. సవరణ జరగకపోతే డ్రైవరు తన పని సక్రమంగా చేసినా కెమెరాలో కోరిన గెలాక్సీ కనిపించకపోవచ్చు.

అయినా డ్రైవరు తన ధర్మాలన్నిటిలో అత్యున్నతంగా ఎంచేది ఆపడాన్ని. క్యూ అనే ఒక్క అక్షరపు ఆజ్ఞతో తిరుగుతున్న మోటార్లు నిలిచిపోతాయి. పార్క్ చేయడమంటే గొట్టాన్ని నిర్ణీత సురక్షిత స్థానానికి చేర్చి కదలికను నిలిపివేయడం. నడిపే ప్రోగ్రాముతో సంబంధం తెగిపోయినప్పుడు వాచ్‌డాగ్ అనే మరో డ్రైవరు నిర్ణీత సమయం వేచి చూసి, దూరదర్శినిని పార్క్ చేయమని ఆదేశించి, వేధశాల గోపురాన్ని మూయించగలదు. మనిషి నిద్రపోతుండగా పనిచేసే వేధశాలకు నక్షత్రాన్ని గురిపెట్టే నైపుణ్యం కంటే ఈ ఏర్పాటే ముందు సమకూరాలి.

ఈ డ్రైవరు మూల కోడ్ అందరికీ తెరిచి ఉంది; ఒకే పునాది మీద తమ యంత్రానికి ప్రత్యేకమైన నాలుగు ఆజ్ఞలను చేర్చి కొత్త డ్రైవర్లను ఎందరో రాసుకున్నారు. 1992 నాటి పద్ధతి నేటి కంప్యూటర్లతో మాట్లాడగలగడానికి ఆ రోజు ఆజ్ఞల పట్టికను దాచకపోవడమే కారణం. దూరదర్శిని కొనదలచిన పాఠశాలలు, కళాశాలలు, ఔత్సాహిక సంఘాలు అద్దం వ్యాసంతో పాటు ఆజ్ఞల పట్టిక ప్రచురితమైందా అని కూడా విక్రేతను అడగాలి; లేదని జవాబు వస్తే మరో యంత్రాన్ని చూసుకోవాలి.