జరిమానాల షావుకారు

మామిడి సీజన్‌లో నూజివీడు నుంచి ఆగిరిపల్లి వైపు వెళ్లినా, విస్సన్నపేట వైపు వెళ్లినా రోడ్డు పక్కన రేకుల షెడ్లు వరసగా కనిపిస్తాయి. నేల మీద గడ్డి, గడ్డి మీద కాయ. ఆడవాళ్లు బారుగా కూర్చుని బంగినపల్లి ఒక పక్కకీ, కలెక్టరు ఒక పక్కకీ, మచ్చ పడ్డది ఇంకో పక్కకీ ఏరుతుంటారు. ఏ షెడ్డులోకి తొంగిచూసినా లోపల ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన ఉంటాడు. తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు, మెడ చుట్టూ తుండుగుడ్డ. ఊరు మారితే ఇంటిపేరు మారుతుంది గానీ మనిషి ఒక్కడే. ఆయన్ని అందరూ షావుకారు గారంటారు.

మామిడి గురించి షావుకారుకి తెలియంది లేదు. పూత చూసి తోటలో ఎన్ని టన్నులు దిగుతుందో చెబుతాడు. చిన్నరసం తొడిమ వాసన పట్టి అది ఏ ఊరి నేలదో చెబుతాడు. సగం సార్లు తప్పుతుంది, కానీ కూలి ఇచ్చేవాడి ముక్కుని తప్పుపట్టేవాళ్లెవరు? అయితే ఆయన అసలు పాండిత్యం మామిడిలో లేదు. పనిచోట ఏ తప్పుకి ఎంత జరిమానా పడుతుందన్న శాస్త్రంలో ఆయన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. పొద్దున్నే ఫోన్లో నున్న మార్కెట్టు రేట్లు కనుక్కోవడం ఎంత అలవాటో, పేపర్లో ప్రమాదం వార్త కనిపిస్తే "ఎంత పడిందంటా?" అని అడగడం అంతే అలవాటు. ఎవరు పడ్డారని అడగడు. ఎంత పడిందనే అడుగుతాడు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆయనకి కంఠతా. మిషనుతో పని జరిగే చోట పదిమంది ఉంటే అది ఫ్యాక్టరీ. మిషను లేకపోతే ఇరవై మంది. కడగడం, సర్దడం, పెట్టెలు కట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో తయారీ పనే. షావుకారు షెడ్డులో గుజ్జు తీసే మిషను ఉంది. కాబట్టి ఆయన హాజరు పుస్తకంలో ఏళ్ల తరబడి తొమ్మిది పేర్లే ఉండేవి.

"మరి ఆ మిగతావాళ్లెవరండీ?" అని తనిఖీకొచ్చిన ఆఫీసరు అడిగితే, "మా అత్తగారి వైపు చుట్టాలు సార్. సీజన్ కదా, రసాలు తిందామని వచ్చారు" అనేవాడు. ఆ చుట్టాలు పొద్దున ఏడింటికి వచ్చి, సాయంత్రం కూలి డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లు. అల్లుడి ఇంట్లో ఇంత క్రమశిక్షణగా ఉండే అత్తవారి చుట్టాలు ఆంధ్రదేశంలో ఇంకెక్కడా ఉండరు.

2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మిషనున్న చోట పది కాస్తా ఇరవై అయింది, మిషను లేని చోట ఇరవై నలభై అయింది. ఆ వార్త చదివిన షావుకారుకి చుట్టాల మీద ఉన్నపళంగా మమకారం తగ్గిపోయింది. పదిమంది బావమరుదులూ పిన్నత్తలూ హాజరు పుస్తకంలోకి ఎక్కేశారు. అందులో ఇప్పుడు పంతొమ్మిది పేర్లు. ఇరవయ్యో మనిషి నుంచి మళ్లీ చుట్టరికమే.

షెడ్డులో రక్షణ ఏర్పాట్లు లేవంటే ఆయన ఒప్పుకోడు, అన్నీ ఉన్నాయి. గోడకి ప్రథమ చికిత్స పెట్టె ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి ఇంట్లో ఆవిడ కొంగుకి ఉంది. పెట్టెలో ఎండిపోయిన టింక్చరు సీసా, బిల్లు పుస్తకాలు, ఒక అగ్గిపెట్టె. దూదీ గుడ్డా ఏవని అడిగితే ఆయన దగ్గర సమాధానం సిద్ధం: "పాత చట్టం ప్రకారం నూట యాభై మందికి ఒక పెట్టె సార్. నా దగ్గరున్నది పంతొమ్మిది మంది. ఆ లెక్కన పెట్టెలో ఎనిమిదో వంతు నిండితే చాలు కదా?" ఆయన లెక్కల్లో ఎప్పుడూ తప్పు దొరకదు, అదే వచ్చిన చిక్కు.

మంటలార్పే సిలిండరు కూడా ఉంది. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. దసరాకి కాటాతో పాటు, లారీతో పాటు దానికీ ఆయుధపూజ జరుగుతుంది. పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి దిష్టి తీస్తారు. మళ్లీ గ్యాసు నింపించాల్సిన తేదీ బొట్టు కింద ఉంది, కనిపించదు. ఇసక బకెట్లు నాలుగు, ఎర్రరంగు వేసి వరసగా వేలాడతాయి. ఇసక మాత్రం ఏప్రిల్ దాకానే. మే నెల వచ్చేసరికి వాటిలో ఆవకాయ కలుస్తుంది. ఓసారి ఆఫీసరు బకెట్లో చెయ్యి పెట్టి, ఎర్రగా బయటికి తీసి, ఇదేంటని అడిగితే, "ఇదీ మంటకి సంబంధించిందే కదా సార్" అన్నాడట. చిన్న జాడీ ఒకటి జీపులో పెట్టించాడని కూడా అంటారు. దానికి నేను సాక్షిని కాను.

ఆఫీసరు వస్తున్నట్టు వాన ముందు చీమలకి తెలిసినట్టే ఆయనకి ముందే తెలిసిపోతుంది. 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లినప్పుడు మాత్రం కొన్నాళ్లు దిగులుపడ్డాడు. ఆఫీసర్లు మారతారు, ఎవరు ఎప్పుడు బయల్దేరతారో చెప్పేవాళ్లూ మారతారు. కొత్త చుట్టరికాలు కలుపుకోవాలి.

పాత చట్టంలో ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది 106వ సెక్షను. తప్పు జరిగినట్టు ఇనస్పెక్టరుకి తెలిసిన మూడు నెలల్లోపు కోర్టులో ఫిర్యాదు పడాలి, దాటితే కేసు నిలవదు. "మామిడి సీజనూ మూడు నెలలే, ఈ గడువూ మూడు నెలలే. ఢిల్లీలో కూర్చుని రాసినవాడెవడో మన నూజివీడు వాడై ఉంటాడు" అని చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ తర్వాత ఇష్టమైనది 97. పనివాడు రక్షణ నిబంధన తప్పితే వాడికీ ఐదు వందల దాకా జరిమానా వెయ్యొచ్చని అందులో ఉంది. "ఒసేయ్, మిషను దగ్గర కొంగు జాగ్రత్త! చట్టం ప్రకారం ఐదొందలు కడతావ్!" అని రోజుకోసారి అరిచేవాడు. మిషను బెల్టుకి కంచె కట్టాల్సింది తనేనని 21వ సెక్షను చెప్పేది. పనివాళ్లు తమ రక్షణ గురించి సమాచారం అడిగి తెలుసుకోవచ్చని 111ఎ చెప్పేది. అక్కడికి వచ్చేసరికి మాత్రం ఆయనకి కళ్లజోడు కనిపించేది కాదు.

ఇంత చదువుకున్న మనిషికి, ఎవరైనా చనిపోతే జరిమానా ఎంతో తెలియదనుకోకండి. భద్రత నిబంధన మీరినందువల్ల పనివాడు చనిపోతే పాత చట్టంలో జరిమానా ఇరవై ఐదు వేలకి తగ్గకూడదు. మంచి రోజున టన్ను బంగినపల్లి అంతకన్నా ఎక్కువే పలుకుతుంది. ఈ పోలిక చేసింది నేను కాదు, ఆయనే. వేళాకోళానికి అనలేదు, రెండు అంకెలూ పక్కపక్కన కనబడ్డాయి కాబట్టి అన్నాడు. కొత్త కోడ్‌లో ఆ మొత్తం ఐదు లక్షలకి తగ్గకూడదు, రెండేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. జరిమానాలో సగానికి తగ్గకుండా ఆ కుటుంబానికి ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు. "రేటు బాగా పెరిగింది" అన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని గుమస్తా చెప్పాడు.

తోటలో పని అయితే ఆయనకి నిశ్చింత. చెట్టు ఫ్యాక్టరీ కాదు గదా అంటాడు. పూత మీదే తోట కౌలుకి తీసుకుంటాడు, మందు కొట్టించేదీ కాయ కోయించేదీ ఆయనే, కానీ ఎవరైనా కొమ్మ విరిగి పడితే "వాళ్లంతా మేస్త్రి మనుషులండీ" అంటాడు. మేస్త్రిని అడిగితే షావుకారు మనుషులంటాడు. పడ్డవాడు ఈ ఇద్దరి మధ్యా నులకమంచం మీద పడుకుని ఉంటాడు. చిక్కం కట్టిన ఇనప గెడలు కరెంటు తీగల కింద ఎత్తొద్దని లైన్‌మన్ ఏటా చెబుతాడు. వెదురు గెడ త్వరగా చీలుతుందని ఇనపదే ఇస్తారు. తేనెమంచు పురుగుకి మందు కొట్టేటప్పుడు కుర్రాళ్లు మూతికి తువ్వాలు చుట్టుకుంటారు. డబ్బా మీదుండే త్రికోణం గురించి షావుకారుకి సొంత భాష్యం ఉంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్నవి విషం ఎంత తీవ్రమో చెప్పే గుర్తులు, అన్నిటికన్నా ఎరుపు ప్రమాదం. ఆయన మాత్రం కొట్టువాడిని "ఎర్రదే ఇవ్వవయ్యా, పవరుంటది" అని అడిగి తెస్తాడు.

కాయ పండించే పొడి సంగతి ఇంకో పురాణం. దాని పేరు షెడ్డులో ఎవరూ ఎత్తరు. "మసాలా" అంటారు. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గపెట్టడాన్ని పాత కల్తీ నిరోధక నిబంధనలూ, 2011 నాటి ఆహార భద్రత నిబంధనలూ నిషేధించాయి. 2015లో ఉమ్మడి హైకోర్టు తనంతట తానే దీన్ని కేసుగా చేపట్టింది. 2016లో ఎథిలీన్ వాయువుని పది లక్షల పాళ్లలో వంద పాళ్లకి మించకుండా వాడొచ్చన్నారు. ఇదంతా పండు తినేవాడి గురించి. తినేవాడికన్నా ముందు ఆ పొడిని కాగితంలో పొట్లం కట్టి కాయల మధ్య దూర్చే చెయ్యి ఒకటుంది. కార్బైడ్‌కి చెమట తగిలినా చాలు, వెల్డింగ్ షాపులో వాడే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, చర్మం మండుతుంది, గొంతు గరగరలాడుతుంది. అది భగ్గున అంటుకునే వాయువు. షావుకారు ఆ గదిలో నిలబడి చుట్ట వెలిగిస్తాడు. వెలిగించి, "ఇక్కడ పొగ తాగరాదు" అని రాసున్న బోర్డుకి ఆనుకుంటాడు.

బోర్డులంటే ఆయనకి ప్రాణం. 2025 జులై 13 రాత్రి అన్నమయ్య జిల్లా పుల్లంపేట మండలంలో, ఒక చెరువు కట్ట మీద, రైల్వేకోడూరు మార్కెట్టుకి వెళ్తున్న మామిడి లారీ బోల్తా పడింది. కాయ కోసి, అదే లోడు మీద కూర్చుని వస్తున్న కూలీలు కాయల కింద నలిగిపోయారు. తొమ్మిది మంది చనిపోయారు. ఆ వార్త చదివి షావుకారు నిజంగానే కదిలిపోయాడు. మర్నాడే పెయింటర్ని పిలిపించి లారీ వెనక "లోడుపై మనుషులు ఎక్కరాదు" అని పెద్ద అక్షరాలతో రాయించాడు. సీజన్ చివరి కోత రోజున చూశాను. ఆ అక్షరాల మీదకి కాళ్లు వేలాడేసి ఆరుగురు కూర్చున్నారు. "ఎక్కరాదు" కనిపించడం లేదు. "లోడుపై మనుషులు" దాకా చక్కగా కనిపిస్తోంది. ఆయన దిగులంతా బరువు గురించే. పరిమితి దాటితే ఇరవై వేలు, ఆపైన టన్నుకి రెండు వేలు. మనుషుల బరువు టన్నుల్లో కలుస్తుందా కలవదా అని ఆర్టీఓ ఏజెంటుని అడుగుతున్నాడు.

ఆయన ఒక్కసారి మాత్రం జరిమానా అడగలేదు. ఈ ప్రాంతం ఏలూరు జిల్లాలో కలిసి పది రోజులైనా కాలేదు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో రసాయనాల కర్మాగారం అంటుకుంది. మర్నాటి పత్రికల్లో ఆరుగురు చనిపోయినట్టు ఉంది, నలుగురు బీహార్ నుంచి వచ్చినవాళ్లు. ముసునూరంటే ఆయన కాయ కొనే ఊళ్లలో ఒకటి. పొద్దున్నే మోటారు సైకిలు మీద వెళ్లి, గేటు బయట జనంలో నిలబడి వచ్చాడు. వచ్చి ఏం మాట్లాడలేదు. తాపీ మేస్త్రిని పిలిచి షెడ్డు వెనక గోడకి రెండో తలుపు పెట్టించాడు. బయటికి తెరుచుకునేటట్టు, గడియ లోపలివైపు, అన్నీ పద్ధతిగా. రేటు చూసుకోకుండా ఆయన చేసిన పని అదొక్కటే. జూన్‌లో కలెక్టరు కాయ దిగుబడి ఎక్కువొచ్చింది. పెట్టెలు పెట్టడానికి చోటు లేక ఆ తలుపుకి అడ్డంగా పేర్చారు. ఇంకా అక్కడే ఉన్నాయి.

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం. అప్పటికి చెట్ల మీద పిందె నిలబడుతుంది, అందరూ కాస్త ఖాళీగా ఉంటారు. మొన్నటిసారి వ్యాపారులంతా కలిసి ఒక షెడ్డులో సభ పెట్టి షావుకారుని మాట్లాడమన్నారు. ఆయన్ని మించిన వక్త ఎవరు? సెక్షన్లన్నీ వరసగా చదివాడు. హెల్మెట్ లేకపోతే వెయ్యి, కోడ్ ఉల్లంఘిస్తే రెండు లక్షల నుంచి మూడు లక్షలు, తప్పు కొనసాగిస్తే రోజుకి రెండు వేల దాకా. కాగితం చూడలేదు. తన హెల్మెట్ అప్పుడు మోటారు సైకిలు హేండిలుకి వేలాడుతూ, నమూనాకి తెచ్చిన పిందెలు మోస్తోంది. అందరూ చప్పట్లు కొట్టారు. కాయ ఏరే పెద్దావిడ ఒకామె, సొన తగిలి వేళ్ల సందులన్నీ నల్లబడ్డ మనిషి, వెనక నుంచి లేచింది.

"అన్నీ చెప్పారు గానీ షావుకారు గారూ, చేతికి తొడుక్కునే గ్లౌజులు ఎంతవుతాయండీ?"

షావుకారు ఆగిపోయాడు. గుమస్తా వైపు చూశాడు. గుమస్తా పైకప్పు రేకుల వైపు చూశాడు.

"కనుక్కోవాలమ్మా... జీఎస్టీ అదీ ఉంటది గదా."

"నేను కనుక్కున్నానండీ. బస్టాండు దగ్గర జత యాభై అంటున్నాడు."

షావుకారు మొహం విప్పారింది. మైకు దగ్గరికి లాక్కుని అడిగాడు:

"బేరమాడావా?"